ప్లగ్గు భుజాన వేసుకునే పిన్ని

సోమవారం పొద్దున్న ఇడ్లీలు దించుతుంటే ఫోన్ మోగింది. ఊరి శివారు తిఫ్రా నుంచి, పిన్ని కోడలు. "అక్కా, అత్తయ్య వెళ్లిపోయారు. టీ తాగి గ్లాసు కింద పెట్టారు. కుర్చీలో అలాగే ఒరిగిపోయారు" అంది.

ఆ సంగతి మా అత్తగారికి చెప్పడానికి నాకు పావుగంట పట్టింది. ఆవిడ విని, కిటికీ వైపు తిరిగారు. తరవాత ఒక్కొక్క మాటే కూడదీసుకుని అన్నారు.

"ఇంక... నాను... ఎవల్ని తిట్టాల?"

ఆ తిట్లలో ఎంత ప్రేమ ఉందో మీకు తెలియాలంటే పిన్ని గురించి చెప్పాలి.

పిన్ని మాకు చుట్టం కాదు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా పక్క క్వార్టర్ ఆవిడ. శ్రీకాకుళం వైపు అక్కను అప్ప అంటారు. మా అత్తగారిని ఆవిడ "అప్పా" అని పిలిచేది కాబట్టి మా ఆయనకు పిన్ని అయింది, నాకూ పిన్ని అయింది. బాబాయిగారు గూడ్సు గార్డు. డ్యూటీకి వెళ్తే ఒక్కోసారి రెండు రోజులకు గాని ఇంటికి చేరేవారు కాదు. పెళ్లయిన కొత్తలో అలా ఆయన లేనప్పుడు రేడియో మూగబోతే, పిన్ని కూరల చాకుతో దాన్ని విప్పిందట. లోపల ఊడిన తీగ కనిపించిందట, తగిలించిందట, పాట వచ్చిందట. "ఆ రోజు నాకు అన్నం కూడా అక్కర్లేకపోయింది" అనేది. అప్పటినుంచి ఇక ఆగలేదు.

ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రమైన మరుసటి ఏడాది నేను పెళ్లయి ఇక్కడికి వచ్చాను. హిందీ రాదు, బజారుకు వెళ్లాలంటే భయం. వచ్చిన నెలకే మా పెళ్లికి వచ్చిన ఇస్త్రీ పెట్టె పని చేయడం మానేసింది. పాత సామాన్లు కొనే కబాడీవాడికి ఇచ్చేద్దామని గుమ్మంలో పెట్టాను. పిన్ని గోడ అవతలనుంచి చూసింది.

"ఏటమ్మా, అది పారేస్తన్నావా?"

"పాడైపోయింది పిన్నీ."

"పాడైపోయినాది కదా, ఇంకేటి పాడవుతాది? ధైర్యంగా ఇప్పు."

మా నాన్న నన్ను బల్బు కూడా మార్చనిచ్చేవాడు కాదు. ఆడపిల్లకు కరెంటుతో పనేమిటనేవాడు. పిన్ని నా చేతికి స్క్రూడ్రైవర్ ఇచ్చి, ఇస్త్రీ పెట్టె ప్లగ్గును తన భుజం మీద కండువాలా వేసుకుని నా ఎదురుగా కూర్చుంది. ఏ వస్తువు విప్పినా ఆవిడ అంతే. ప్లగ్గు భుజాన ఉంటే పొరపాటున కూడా ఎవరూ బోర్డులో పెట్టలేరు. తీగ ఎక్కడ తెగిందో నేనే కనిపెట్టాను. నేనే కలిపాను. ఎర్ర దీపం వెలగగానే ఇద్దరం చప్పట్లు కొట్టుకున్నాం. ఆ రోజు ఇంట్లో ఉన్న బట్టలన్నీ, తలుపు తెరతో సహా, ఇస్త్రీ చేసి పడేశాను.

ఆవిడ వంటింటి అలమరలో పప్పుల డబ్బాలకంటే మేకుల డబ్బాలే ఎక్కువ. ఏ డబ్బాలో ఏముందో కాగితం మీద రాసి అంటించేది కాదు. లోపలున్న దాన్లో ఒకటి తీసి మూతకు దారంతో కట్టేది. బుధవారీ బజారుకు కూరలకని బయలుదేరేది, బెండకాయలతోపాటు ఒక సైకిల్ చెయినో, విరిగిన ఫ్యాను రెక్కో తెచ్చేది. కబాడీవాడు ఆశ్చర్యపోయి ఛత్తీస్‌గఢీలో "ఏలా కా కరబే, దాయీ?" అని అడిగేవాడు, దీన్నేం చేసుకుంటావమ్మా అని. "పెహలే ఘర్ తో లేజానే దే" అనేది పిన్ని. ముందు ఇంటికి తీసుకెళ్లనీ, తరవాత ఆలోచిస్తా అని!

చేసినవన్నీ కుదిరాయని చెప్పను. ఒక మే నెలలో పాత రేకు డబ్బాతో కూలర్ చేసింది. చల్లగాలి వచ్చిన మాట నిజమే. కాని రేకు అతుకులో ఎక్కడో చీలిక ఉండిపోయి, గాలి జోరందుకోగానే అచ్చం ఇంజను కూత వినిపించేది. మధ్యాహ్నం కునుకు తీస్తున్న బాబాయిగారు లేచి కూర్చుని జెండా కోసం పక్కంతా తడుముకునేవారు. పిన్ని నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని, "మొదటిది ఎప్పుడూ చెత్తగానే వస్తాది. రెండోది ఎలగ చెయ్యాలో అదే చెప్తాది" అనేది. ఆ వేసవిలో నాలుగో కూలర్ దాకా వెళ్లింది.

తరవాత కొన్నేళ్లకు, ఒక వానాకాలంలో మా అత్తగారికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట ముద్దయింది. ఆసుపత్రినుంచి తెచ్చాక మాట కొంత తిరిగొస్తుందని, రోజూ మాట్లాడించమని డాక్టరు చెప్పాడు. కాని ఆవిడ గోడవైపు తిరిగి పడుకున్నారు. ఎవరితోనూ ఒక్క ముక్క మాట్లాడలేదు. పిండమని ఇచ్చిన రబ్బరు బంతిని మంచం కిందికి విసిరేశారు. ముప్పై ఏళ్లు ఆ వంటింట్లో ఇంకొకరిని కూర తరగనివ్వని మనిషి, నేను అన్నం కలిపి నోటి దగ్గర పెడితే పెదవులు బిగించేవారు. మా ఆయన పెరట్లోకి వెళ్లి ఒంటరిగా ఏడవడం నేను చూశాను.

పిన్ని వచ్చి ఒక పూటంతా ఆవిడ మంచం పక్కన కూర్చుంది. ఓదార్పు మాటలేమీ చెప్పలేదు. ఆవిడ ఎడమచేతి వైపే చూస్తూ కూర్చుని వెళ్లిపోయింది. రెండు రోజుల తరవాత ఒక చెక్కపీట పట్టుకొచ్చింది. పీట అడుగునుంచి మేకులు కొడితే వాటి మొనలు పైకి లేచి ఉన్నాయి.

"అప్పా, నీకు కాయ పట్టుకోడానికి రెండో చెయ్యి కావాల. ఇదిగో తెచ్చాను. వంకాయను దీనికి గుచ్చీ, ఎడం చేత్తో కొయ్యి."

అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టి ముందు బల్ల వేశాం. ఆవిడ ఇష్టం లేకుండానే చాకు పట్టుకుని వంకాయ మీద పెట్టారు. పీట సర్రున జారి వంకాయతో సహా నేలమీద పడింది.

"బొంద!" అన్నారు అత్తగారు.

నలభై రోజుల తరవాత ఆవిడ నోట వచ్చిన మొదటి మాట అది. పిన్ని చెంగున లేచింది. "ఏటి? ఏటన్నావప్పా? మళ్లీ అను!"

"నీ... బొంద. జా... జారతంది. కింద... ఏటైనా... ఎయ్."

"అచ్ఛా, అచ్ఛా! వేస్తాను!" అంటూ పిన్ని పరుగెత్తింది. మర్నాటికి పీట అడుగున సైకిల్ ట్యూబు ముక్కలు అంటించి తెచ్చింది. ఈసారి జారలేదు, కాని మేకులు లావై వంకాయ చీలిపోయింది. "కాయని... సంపేసినావు" అన్నారు అత్తగారు. మూడో పీటకు సన్నని మేకులు వచ్చాయి గాని, అన్నీ ఒక అంచుకే ఉన్నాయి, కాయ గిర్రున తిరిగింది. దానికి ఇంకా పెద్ద తిట్టు పడింది. నాలుగో పీటకు ముందు అత్తగారు సుద్దముక్క అడిగి ఎడమచేత్తో తీసుకుని, మేకులు ఎక్కడ కొట్టాలో తానే వంకరటింకరగా చుక్కలు పెట్టి చూపించారు. ఆ సుద్ద చుక్కల మీద మేకులు కొట్టింది నేను. ఒక సుత్తి దెబ్బ నా బొటనవేలికే తగిలింది, మేకులు వంకరపోయి అదీ కుదరలేదు.

అయిదో పీట కుదిరింది.

ఆ ఆదివారం అత్తగారు పన్నెండు వంకాయలను ఒక్కొక్కటిగా మేకుకు గుచ్చి, నాలుగు పక్షాలుగా చీల్చి, కారం కూరి గుత్తివంకాయ చేయించారు. పొయ్యి దగ్గర నిలబడింది నేనే అయినా వండింది ఆవిడే. పిన్నినీ బాబాయిగారినీ భోజనానికి పిలిచాం. పిన్ని మొదటి ముద్ద తిని, తాపీగా నమిలి, "ఉప్పు తగ్గినాదప్పా" అంది.

అత్తగారు తలెత్తి చూశారు. "నువ్వు చేసిన పీటకంటే నా కూర నయమే గాని, నోర్మూసుకుని తిను!"

ఒక్క మాట కూడా తడబడలేదు. మా ఆయన చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. తరవాత అందరం ఒకేసారి నవ్వడం మొదలుపెట్టి, అన్నాలు చల్లారిపోయేదాకా నవ్వుతూనే ఉన్నాం.

ఆ సాయంత్రం గిన్నెలు తోముతూ అడిగాను. "పిన్నీ, నిజం చెప్పు. తిట్టించుకోడానికి కావాలనే పాడుగా చేశావా?"

"నాకంత తెలివెక్కడిదమ్మా? చెప్పలేదేటి, మొదటిది చెత్తగానే వస్తాదని." కాసేపు గిన్నె తుడిచింది. "మూడోది మాత్రం... కొంచెం కావాలనే."

అప్పటినుంచి వాళ్లిద్దరూ ఒక జట్టు. పిన్ని చేయడం, అత్తగారు వంకలు పెట్టడం. ఒంటిచేత్తో తల దువ్వుకోడానికి పొడుగు పిడి దువ్వెన, ఒంటిచేత్తో మూత తీసే డబ్బా, ఒకటేమిటి. చెయ్యి బాగుపడలేదు. మనిషి మాత్రం బాగుపడ్డారు. బాబాయిగారు రిటైరై తిఫ్రాలో ఇల్లు కట్టుకుని వెళ్లాక కూడా పిన్ని వారానికోసారి ఆటో ఎక్కి తిట్లు తినడానికి వచ్చేది. ఇవాళ మా ఇంట్లో ఏ వస్తువు ఆగిపోయినా నాకు దిగులు రాదు, చేతులు దురద పెడతాయి. అది ఆవిడ నాకిచ్చిన ఆస్తి.

పిన్ని పోయిన పన్నెండో రోజున అందరం తిఫ్రా వెళ్లాం. భోజనాలయ్యాయి. పెరట్లో కుళాయి కారుతోంది. ప్లంబరును పిలుద్దామని ఎవరో అంటున్నారు. జీవితంలో సీసా మూత కూడా పిన్నిచేతే తీయించుకున్న బాబాయిగారు లోపలికి వెళ్లి, పానా ఒకటి పట్టుకొచ్చి కుళాయి ముందు గొంతుక్కూర్చున్నారు. అత్తగారు కుర్చీలోనుంచి చూస్తున్నారు.

"అటు కాదు మరిదీ... ఎడమకి. ఎడమకి తిప్పు!"

ఆయన ఎడమకు తిప్పారు. ముందు నీళ్ల మెయిను కట్టాలని ఎవరికీ తోచలేదు. కుళాయి ఊడి చేతిలోకి వచ్చింది, నీళ్లు ఒక్కసారిగా ఎగజిమ్మాయి. ఆయన గొట్టానికి బొటనవేలు అడ్డం పెట్టారు. నీళ్లు విసనకర్రలా విచ్చుకుని ఆయన కళ్లజోడు మీద, తెల్లచొక్కా మీద, గోడ మీద, ఎండలో మెరుస్తూ పడ్డాయి. మెయిను కట్టడానికి పిన్ని కొడుకు పరుగెత్తాడు. పన్నెండు రోజులుగా నోరు తెరవని మనిషి, తడిసి ముద్దయిపోయి, వేలు తీయకుండా, చిన్నపిల్లాడిలా నవ్వుతున్నారు.