సులోచనక్క చూపిన సముద్రం

హఫీజ్‌పేట్ స్టేషన్‌లో పట్టాల మీదుగా దాటే వంతెనకు ఈమధ్య రంగు వేశారు. మొన్న ఉదయం ఆఫీసుకు వెళ్తూ దాని మీద ఆగాను. సన్నగా వాన పడుతోంది. తడిసిన ఇనుము, ఆరీ ఆరని పెయింటు, ఎక్కడినుంచో కొంచెం డీజిలు. మూడూ కలిసిన ఆ వాసన ముక్కుకు తగలగానే కాళ్ళ కింద నేల ఊగినట్టయింది. అది ఓడ వాసన. ఎనిమిదేళ్ళ కిందట విశాఖపట్నం నుంచి అండమాన్‌కు వెళ్ళే ఓడ పైడెక్కు మీద మూడు రోజుల పాటు పీల్చిన వాసన. నేను ఎక్కవలసిన రైలు వచ్చి వెళ్ళిపోయింది. నన్ను ఆ ఓడ ఎక్కించిన మనిషి గురించి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోలేనిది ఆమె చేసిన పని కాదు, నేను చేసింది.

ఆమె పేరు సులోచన. హైటెక్ సిటీలో మా సాఫ్ట్‌వేర్ కంపెనీ ట్రావెల్ డెస్కులో పని చేసేది. పనిమీద ఊళ్ళు తిరిగే ఉద్యోగులకు, సెలవుల్లో దేశాలు తిరిగే కంపెనీ పెద్దలకు టికెట్లు, హోటళ్ళు బుక్ చేసే డెస్కు అది. కడప జిల్లా నుంచి డిగ్రీ పట్టా పట్టుకుని వచ్చి నేను పక్క కుర్చీలో చేరేనాటికి ఆమెకు నలభై అయిదేళ్ళు, ఆ పనిలో పదిహేనేళ్ళ అనుభవం. మెదక్ వైపు మనిషి. చందానగర్‌లో రెండు గదుల కిరాయి ఇల్లు, భర్త క్యాబ్ డ్రైవరు. మొదటి వారంలోనే ఒకాయన ఇంటిపేరులో నేను ఒక అక్షరం తప్పు కొట్టాను. ఆమె కోప్పడలేదు. ఆ పేరును అక్షరం అక్షరం పైకి చదివించింది, మూడుసార్లు.

“టికెట్ల ఒక్క అక్షరం తప్పు పోతే ఆ మనిషి ఎయిర్‌పోర్టుల నిలబడి పరేషాన్ అయితడు. మనం ఈడ ఏసీల కూసోని ఉంటం. జర యాదికుంచుకో పిల్లా” అంది. ఈ రోజుకీ నేను పేర్లు పెదవులు కదుపుతూనే చదువుతాను.

ఒకసారి మా డైరెక్టరు కుటుంబానికి మాల్దీవుల్లో నీటి మీద కట్టిన గది బుక్ చేస్తున్నాం. అక్కడి ఒక్క రాత్రి అద్దె నా నాలుగు నెలల జీతం. తెరమీద ఆ నీలం చూసి నాకు నోరూరింది. “మనకేడివి అక్కా ఇట్లాంటివి? ఫొటోలు చూసుకోవాల్సిందే” అన్నాను.

ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది. “వాళ్ళు కొనేది సముద్రం కాదు, ఆ తెల్ల దుప్పట్లు. సముద్రానికి కిరాయి ఎవడడిగిండు?” అని, కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, “వస్తవా? ఇద్దరం పోదాం” అంది. సరదాకంటోంది అనుకున్నాను. మర్నాడు భోజనం వేళ పాత డైరీ ఒకటి తెచ్చి నా టిఫిన్ డబ్బా పక్కన పెట్టింది. ఆరేళ్ళుగా ఆమె అందులో రాసుకుంటున్నదంతా అండమాన్ గురించే.

ఇతరుల కోసం ఇన్నేళ్ళూ చేసిన పనిని ఆమె మొదటిసారి తన కోసం చేయడం చూశాను. ఫిబ్రవరి చివర్లో పిల్లల పరీక్షలు కాబట్టి కుటుంబాలు కదలవు, గదులు ఖాళీగా ఉంటాయి, సముద్రం కూడా నెమ్మదిగా ఉంటుంది. వెళ్ళడం ఓడలో, అందరూ కలిసి పడుకునే బంక్ హాలులో. రావడం నాలుగు నెలల ముందే తీసుకున్న చవక విమానంలో. దీవుల మధ్య మెరిసే ప్రైవేటు పడవలు కాదు, అక్కడి జనం ఎక్కే సర్కారు పడవ. హోటల్లో తినకూడదు, పడవవాళ్ళు తినేచోట తినాలి. మరి బావ రాడా అని అడిగితే నవ్వింది. “దినమంతా మందిని తిప్పేటోడు. సెలవొస్తే మంచం దిగడు. నువ్వు పోయి రా, చేపలు తిని రా అన్నడు.”

ఓడలో మొదటి రోజంతా నాకు వాంతులే. ఆమె నిమ్మకాయ ముక్క నా ముక్కు దగ్గర పెట్టి, నన్ను దాదాపు మోసుకుంటూ పైడెక్కు మీదికి తీసుకుపోయింది. “కింద చూడకు. దూరం చూడు, ఆ గీత చూడు” అంటూ ఆకాశం, నీళ్ళు కలిసే చోటు చూపించింది. రెండో రోజు నీళ్ళలోంచి చేపలు గుంపుగా లేచి పిచ్చుకల్లా ఎగిరాయి. ఆఫీసులో ఎప్పుడూ గొంతు పెంచని ఆ మనిషి చిన్నపిల్లలా కేక పెట్టింది.

నీల్ అనే చిన్న దీవిలో వెదురు గుడిసె దొరికింది. బాత్రూము బయట, అందరికీ ఒకటే. గుడిసె యజమాని భార్యే మధ్యాహ్నం అరిటాకులో అన్నం, చేపల పులుసు పెట్టేది. రెండు సైకిళ్ళు అద్దెకు తీసుకున్నాం. ఆమె తొక్కి ఇరవై ఏళ్ళయిందట, రెండుసార్లు పడి మోకాలు గీరుకుంది. సాయంత్రం ఆటు వేళ సముద్రం వెనక్కి తగ్గాక పగడపు రాళ్ళ మధ్య మిగిలిన నీళ్ళలో నీలం చేపలు, నల్లటి నక్షత్ర చేపలు చూస్తూ వంగి వంగి నడిచేవాళ్ళం. మాల్దీవుల ఫొటోల్లో చూసిన నీలమే అది, ఒక్క వన్నె కూడా తక్కువ కాదు.

నాలుగో రోజు ఆమె చుడీదార్‌తోనే సముద్రంలోకి వెళ్ళి మెడలోతు నీళ్ళలో కూర్చుంది. ఈత రాదు. అలలు లేని చోటు అది. చాలాసేపు కళ్ళు మూసుకుని ఉండి, నన్ను చూడకుండానే అంది. “పదిహేనేండ్ల సంది మందిని పంపిన. ఇయ్యాల నన్ను నేను పంపుకున్న నీరజా.” నేనూ నీళ్ళలోకి వెళ్ళి పక్కన కూర్చున్నాను. మోకాలి గాయం ఉప్పునీటికి మండుతుంటే ఆమె నవ్వుతూనే ఉంది.

తిరిగి వచ్చాక ఆ ఫొటోలు ఆఫీసు గ్రూపులో పెట్టింది నేనే. గర్వంగా పెట్టాను.

ఫొటోలు పెట్టిన మూడో రోజు పొద్దున మా అడ్మిన్ హెడ్ మా ఇద్దర్నీ అద్దాల గదికి పిలిచాడు. మృదువుగా మాట్లాడే మనిషి. “ఏమీ అనుకోవద్దండి సులోచన గారూ. మన టికెట్ల ఏజెంటు మీకీ ట్రిప్పు బహుమానంగా ఇచ్చాడని అంటున్నారు. మీ జీతానికి అండమాన్ అంటే ఎవరికైనా అనుమానం వస్తుంది కదండీ” అన్నాడు. ఆ ఏజెంటు ధరలు పెంచి వేస్తున్నాడని ఆమె అంతకు ముందు రెండుసార్లు ఫిర్యాదు రాసిందని, ఆ కాగితాలు ఈయన బల్ల దాటలేదని నాకు చాలాకాలం తర్వాత తెలిసింది.

ఆమె తొణకలేదు. సంచిలోంచి ఓడ టికెట్టు, పడవ టికెట్లు, విమానం టికెట్టు తీసి వరసగా పెట్టింది.

“మరి గది బిల్లేదండీ? భోజనం బిల్లులు?”

“వెదురు గుడిసెకు బిల్లు ఎవరిస్తరు సార్? నీరజ నా పక్కనే ఉండె. ఆమెనడుగుండ్రి.”

ఆయన నావైపు తిరిగాడు. “మీరు కొత్త. ఆవిడ రమ్మంటే వెళ్ళారు. మీమీద ఎవరికీ అనుమానం లేదు. మీ ఉద్యోగం ఖాయం చేసే కాగితం కూడా ఈ వారమే సంతకం పెట్టాలి. ఆలోచించుకుని చెప్పండి. ఆ ఖర్చులన్నీ ఎవరు పెట్టారో మీకు తెలుసా?”

తెలుసు. గుడిసె అద్దెలో సగం నా చేత్తో ఇచ్చాను. పులుసన్నం డబ్బులు ఒకరోజు ఆమె ఇస్తే ఒకరోజు నేను ఇచ్చాను. సైకిలతన్ని బతిమాలి ధర తగ్గించింది నేనే. ఒక్క మాటతో అయిపోయేది.

“బుకింగులన్నీ అక్కే చూసుకునింది సార్. నాకు వివరాలు తెలియవు” అన్నాను.

ఆమె నన్ను చూసింది. కోపంగా కాదు, తప్పుగా వినిపించిందేమో అన్నట్టు, మళ్ళీ చెబుతానేమో అని ఎదురుచూస్తున్నట్టు. నేను బల్ల అంచు చూస్తున్నాను. కాసేపటికి ఆమె టికెట్లన్నీ ఒకదానిమీద ఒకటి సర్ది సంచిలో పెట్టుకుంది. “ఇగ అడిగేదేం లేదు సార్” అని లేచింది.

ఆ సాయంత్రానికి తనంతట తానే రాజీనామా చేస్తున్నట్టు రాయించుకున్నారు. మరో రెండు కంపెనీల్లో ఆమెకు ఉద్యోగం దొరికినట్టే దొరికి, పాత ఆఫీసుకు ఫోన్ చేసి కనుక్కున్నాక తప్పిపోయిందని విన్నాను. నా కాగితం మీద ఆ వారమే సంతకం అయింది. నెల తిరక్కముందే కిటికీ పక్కనున్న ఆమె కుర్చీ నాకిచ్చారు. తీసుకున్నాను.

ఏడాది తర్వాత చందానగర్ మార్కెట్లో ఒక జిరాక్సు షాపు కౌంటరు వెనక కనిపించింది. జుట్టు సగం నెరిసింది. పారిపోకుండా వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. ఎన్నాళ్ళనుంచో కూడబలుక్కున్న మాటలు చెప్పాను. భయపడ్డానని, ఇంట్లో పరిస్థితి అట్లాంటిదని, క్షమించమని. ఆమె చేతిలోని కాగితాల అంచులు సమం చేస్తూ విన్నది.

“నౌకరీ పోయిందని నాకు రంది లేదు నీరజా. ఇదేమన్న తక్కువ పనా? కానీ కండ్లు మూస్తే ఆ నీళ్ళు యాదికి రావాలె కదా. వస్తలేవు. ఆ అద్దాల గదే వస్తుంది. నువ్వు తల వంచుకోని కూసున్నదే వస్తుంది. నా జిందగీల ఒక్కటే సముద్రం చూసిన. అది గూడ నాకు లేకుండ చేస్తివి.” కాగితాలు పక్కన పెట్టి, “ఇగ రాకు” అంది. తర్వాత ఎవరో ఆధార్ కాపీలు అడిగితే అటు తిరిగింది. నేను మళ్ళీ వెళ్ళలేదు. వెళ్ళకపోవడం ఆమె మాటకు మర్యాద ఇవ్వడమేనని నాకు నేను చెప్పుకున్నాను.

ఇప్పుడు ఆ డెస్కుకు నేనే పెద్ద. వంతెన మీద రైలు తప్పిపోయిన ఆ రోజే, భోజనం వేళ, కొత్తగా చేరిన శ్రావణి అండమాన్ ఫొటోలు చూస్తూ నిట్టూర్చింది. నేను పక్కన కూర్చుని అంతా చెప్పాను. ఏ నెలలో వెళ్ళాలో, బంక్ హాలులో ఏ వైపు పడుకుంటే కుదుపు తక్కువో, నీల్ దీవిలో అన్నం ఎక్కడ తినాలో, కడుపులో తిప్పితే చూపు ఎక్కడ నిలపాలో. చెబుతుంటే నా గొంతులో ఆమె యాస కూడా వచ్చేసిందేమో. ఆ అమ్మాయి నోరు తెరుచుకుని వింది. “ఇవన్నీ మీకెవరు నేర్పారు మేడమ్?” అని అడిగింది.

ఆ అడ్మిన్ హెడ్ ఎప్పుడో వేరే కంపెనీకి వెళ్ళిపోయాడు. ఆ ఏజెంటు ఇప్పుడు లేడు. నా ఉద్యోగం ఎవరి సంతకం కోసమూ ఎదురుచూడటం లేదు. ఒక పేరు చెప్పాలి, అంతే.

“నెట్‌లో చూసి నేర్చుకున్నా” అన్నాను.

ఆ రోజు అద్దాల గదిలో భయం వల్ల అలా అన్నానని ఎనిమిదేళ్ళుగా నాకు నేను సర్ది చెప్పుకుంటూ వచ్చాను. మొన్న నన్నెవరూ భయపెట్టలేదు.