పై పెదవి కలిసే వారాలు

మా తమ్ముడు గ్రహణం మొర్రితో పుట్టాడు. పై పెదవి ముక్కు దాకా చీలి ఉండేది. నాన్నగారు ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. పాస్ మీద కలకత్తా తీసుకెళ్లి ఆపరేషన్ చేయించారు. వాడికిప్పుడు యాభై ఏళ్లు, ఇండస్ట్రియల్ పార్కులో సూపర్‌వైజరు. మీసం కింద మచ్చ వెతికితే గానీ కనపడదు. అమ్మకు మాత్రం అది ఎప్పుడూ కనిపిస్తూనే ఉండేది. కడుపుతో ఉండగా గ్రహణం పూట వంకాయ కోసిందని నాయనమ్మ అన్న మాటను ఇన్నేళ్లూ మోసింది.

కిందటి చలికాలం మా ఖరగ్‌పూర్‌లోనే ఒక సంఘం సమావేశం పెట్టింది. పుట్టుకతో వచ్చే లోపాలను పరిశోధించడానికి తూర్పు రాష్ట్రాల డాక్టర్లూ శాస్త్రవేత్తలూ కలిసి నడుపుకునే సంఘం అది. ఒక ఉదయం కుటుంబాల కోసం కేటాయించారు. నేను బడిలో తెలుగు చెప్పి రిటైరైనదాన్నని ఎవరో చెబితే, ఒక బెంగాలీ డాక్టరు తమ ఆశయాల కాగితం పట్టుకుని సుభాష్‌పల్లిలో మా ఇంటికొచ్చింది.

"దీదీ, ఇది మీవాళ్లకు అర్థమయ్యేలా తెలుగులో రాసిపెట్టండి," అంది.

ఆమె వెళ్లాక ఒక్కో వాక్యమే రాసి, పైకి చదివి చూసుకుంటున్నాను. పక్కన అమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. 'ఈ లోపాలకు కారణాలు వెతకడం' అన్న దగ్గర ఆమె చేతులు ఆగాయి.

"ఎతకడవేటే? ఆళ్లకి తెల్దేటి?"

"పూర్తిగా తెలీదటమ్మా. అందుకే సంఘం పెట్టుకున్నారు."

"అంత సదువుకున్నోళ్లకే తెల్దా," అంది. చిక్కుడుకాయలు పక్కకు జరిపి, "నన్నూ తీసుకెళ్లు," అంది.

సమావేశంలో ఆ డాక్టరు తెర మీద బొమ్మలు చూపించింది. నెల దాటిన పిండం, మినపగింజంత. ముఖం ఒక్కసారిగా ఏర్పడదట. ఇటు నుంచీ అటు నుంచీ వేరువేరు ముక్కలు పెరుగుతూ వచ్చి మధ్యలో కలుస్తాయట. రెండో నెల గడిచేలోగా, కొందరు తల్లులకు కడుపుతో ఉన్నామన్న సంగతైనా తెలియకముందే, పై పెదవి అతుక్కుపోతుందట.

"మీ ముక్కు కింద గాడి తడిమి చూసుకోండి," అంది.

హాలంతా పెదవి మీద వేలు పెట్టుకుంది. నేనూ పెట్టుకున్నాను. ఎక్కడో చీలడం కాదు, ఇన్ని కోట్ల ముఖాల్లో అది తప్పిపోకుండా కలుస్తూ ఉండడమే నాకు నమ్మశక్యం కాలేదు.

అమ్మ లేచి నిలబడింది. బజారులో బెంగాలీ గడగడా మాట్లాడే మనిషి, ఇది మాత్రం తెలుగులోనే అడిగింది. "గ్రహణం పూట వంకాయ కోసినాను. అందుకేనా?"

నేను బెంగాలీలో చెప్పాను.

"కాదు మాసీమా," అంది డాక్టరు, సొంత పిన్నిని పిలిచినట్టు. "గ్రహణానికీ పెదవికీ సంబంధం లేదు. మీ తప్పేమీ లేదు."

"మరెందుకొచ్చినాది?"

"మీ అబ్బాయి విషయంలో నాకు తెలియదు. తెలుసుకోవాలనే ఇంతమందిమి కూడాం."

అందరి ముందూ ఆవిడ తెలియదని అంత మామూలుగా అంటుంటే నాకు దండం పెట్టాలనిపించింది. అమ్మ కూర్చుని, చాలాసేపు కొంగుతో ముఖం తుడుచుకుంది.

తర్వాత సంఘం వాళ్లు వివరాలు రాసుకున్నారు. బిడ్డకు పాలెలా పట్టారని అడిగితే, ఉగ్గుగిన్నెతో అని చెప్పి అమ్మ చేత్తో చూపించింది. డాక్టరు రాయడం ఆపి, ఆమెను వెనక వరుసలోకి తీసుకెళ్లింది. అక్కడ ఝపటాపూర్ నుంచి వచ్చిన ఒక తెలుగమ్మాయి, అలాంటి పెదవే ఉన్న పసిగుడ్డుతో కూర్చుని ఉంది. తాగిన పాలు ముక్కులోంచి వచ్చేస్తున్నాయని ఏడుస్తోంది.

"ఇలగ తెమ్మీ," అని అమ్మ బిడ్డను ఒళ్లో నిటారుగా ఆనించుకుంది. "పడుకోబెట్టి పట్టకు. ఒక్కో సుక్కే. మింగినాక మరోటి."

చెంచాతో పాలు వంచింది. చుట్టూ డాక్టర్లు వంగి చూస్తున్నారు. ఒకాయన, "మాసీమా, కాస్త మెల్లగా, మేమూ నేర్చుకోవాలి," అన్నాడు.

బిడ్డ గుటక వేసింది. అమ్మ మరో చుక్క వంచింది.