తల ఊపొద్దన్న నర్సమ్మత్త

గల్ఫ్‌లో మా క్యాంపు భోజనాల గదిలో ఉన్నది ఆరుగురం: ఇద్దరు వెల్డర్లు, ఒక ఫిట్టరు, ఒక డ్రైవరు, వంట చేసే నేపాలీ, నేను. బల్ల మీద ఉన్నవి: గిన్నె నిండా అన్నం, పప్పు, సీసాలో చింతకాయ పచ్చడి, సెలవు ముగించుకుని ఆ ఉదయమే ఊరినుంచి తిరిగొచ్చిన డ్రైవరు పెట్టెలోంచి తీసిన అడ్డాకు విస్తళ్ళ కట్ట. కట్టలో పాతిక ఉన్నాయి. మొదటి విస్తరిలో వేడి అన్నం పడగానే వాసన లేచింది. తడిసిన ఎండుటాకు వాసన కాదది. కాలిన ఇనుప అచ్చు కింద ఆకు కమిలినప్పుడు వచ్చే వాసన. తెలుగువాళ్ళందరికీ ఊరు గుర్తొచ్చింది, ఒకరిద్దరు కళ్ళు మూసుకున్నారు కూడా. నాకు మాత్రం నర్సమ్మత్త గుర్తొచ్చింది. ఆమెతో పాటు పాత చిరాకూ వచ్చింది.

ఆమె గురించి చిరాకు లేకుండా రాయాలని మూడుసార్లు మొదలుపెట్టాను. కుదరలేదు. కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తాను.

ఆమెది పినపాక. పదిహేడేళ్ళు కువైట్‌లో రెండు ఇళ్ళలో పనిచేసి తిరిగొచ్చింది. వచ్చాక ఇంటిముందు రేకుల షెడ్డు వేసి విస్తళ్ళ మిషను పెట్టుకుంది. అడవి పల్లెల ఆడవాళ్ళు అడ్డాకు మోపులు తెచ్చి ఇస్తే, వాటిని పుల్లలతో కుట్టించి, మిషను కింద పెట్టి అచ్చు గుద్ది అమ్మేది. వాళ్ళతో కోయ భాషలోనే బేరమాడేది. మా నాన్నది కూడా ఆ ఊరే, ఆమెను అక్కా అంటాడు, అందుకని నాకు అత్త. ఊరివాళ్ళు మాత్రం కువైటమ్మ అనేవాళ్ళు.

నేను ఆమె దగ్గరికి వెళ్ళేనాటికి మెకానికల్ ఇంజినీరింగ్ పూర్తయి రెండేళ్ళు. మేము మణుగూరులో, నాన్న పనిచేసే బొగ్గుగని వాళ్ళ క్వార్టర్‌లో ఉండేవాళ్ళం. నాన్న రిటైర్‌మెంట్‌కి ఎనిమిది నెలలుంది. రిటైరైతే క్వార్టర్ ఖాళీ చేయాలి. ఆ లోపు నాకు ఉద్యోగం రావాలి. ఇంట్లో ఆ మాట ఎవరూ అనేవాళ్ళు కాదు, అందుకే అది రోజంతా వినబడేది. పొద్దున లేవగానే నా పని మెయిళ్ళు చూడటం. వాటికి మూడు ఫోల్డర్లు: జవాబు రానివి, 'మీ వివరాలు పరిశీలనలో ఉన్నాయి' అన్నవి, వద్దన్నవి. మొదటిది ఎప్పుడూ నిండుగా ఉండేది. ఖమ్మంలో ఒక కన్సల్టెన్సీ అతను గల్ఫ్‌లో టెక్నీషియన్ పోస్టులున్నాయనీ, కాస్త అరబ్బీ వస్తే ముందు వరసలో పెడతాననీ అన్నాడు. ఫోన్‌లో యాప్ వేసుకున్నాను, ఒక పీడీఎఫ్ దింపుకున్నాను, నెల తిరిగేసరికి ఎక్సెల్ షీట్‌లో ఆరువందల నలభై పదాలు ఎక్కించాను. పనిముట్లు నీలం రంగు, అంకెలు పసుపు, క్రియలు ఆకుపచ్చ. పలకడం సరిచేసుకోవడానికి ఒక మనిషి కావాలనిపించింది. నాన్న నర్సమ్మత్త పేరు చెప్పాడు.

మొదటి రోజు లాప్‌టాప్ తెరిచి చూపించాను. ఆమె ఆకులు సర్దుతూనే ఒక కంటితో చూసింది.

"ఏందది?"

"పదాలు అత్తా. ఆరువందల నలభై."

"అన్నీ వచ్చునా?"

"వచ్చు."

"అన్నీ వస్తే నా తానకు ఎందుకొచ్చినవ్ ఇంజినీరూ?"

అని, ఏదో అరబ్బీలో గబగబా అనేసింది. నేను తల ఊపాను. ఆమె చేతిలో ఆకు కింద పెట్టింది.

"ఏం చెప్పిన?"

నేను లాప్‌టాప్ వైపు చూశాను.

"మరి తలెందుకు ఊపినవ్?"

ఎందుకు ఊపానో నాకూ తెలియదు. ఒకటో తరగతి నుంచి ఇంజినీరింగ్ దాకా 'అర్థమైందా' అని ఎవరడిగినా ఊపుతూనే వచ్చాను. నాతోపాటు అరవైమందీ ఊపేవాళ్ళు. పంతులు ముందుకు పోయేవాడు, మేము ఇంటికెళ్ళి గైడు చదువుకునేవాళ్ళం. ర్యాంకులూ అలాగే వచ్చాయి. ఇది ఆమెకు చెప్పలేదు.

ఆ రోజు ఆమె నేర్పింది రెండే మాటలు. మా ఫహమ్త్. నాకర్థం కాలేదు అని. మరుసటి రోజూ అదే. రెండు వారాలు అదే. మణుగూరు నుంచి రోజూ పొద్దున బస్సెక్కి, ఆరువందల నలభై పదాలు జేబులో పెట్టుకుని వచ్చి, నాకర్థం కాలేదు, నాకర్థం కాలేదు అని ఒక ఆకుల షెడ్డులో పలికి తిరిగి వెళ్ళేవాణ్ణి. ఆమె పద్ధతి ఇది: ఆమె అరబ్బీలో ఒక పని చెబుతుంది. నేను మా ఫహమ్త్ అనాలి. ఆమె మళ్ళీ చెబుతుంది. నేను విన్నది ఆమెకే తిరిగి చెప్పాలి. ఆమె 'ఐవా', అంటే అవును, అన్నాకే కాలు కదపాలి. అలా నీళ్ళు తెచ్చాను, పుల్లల కట్టలు మోశాను, షెడ్డు ఊడ్చాను. ఆమె ఆజ్ఞలన్నీ ఆడవాళ్ళకు చెప్పే రూపంలో ఉండేవి. పీడీఎఫ్ చూపించి, మగవాడికి ఇలా చెప్పాలట అత్తా అన్నాను.

"నన్ను పిలిచినోళ్ళు గట్లనే పిలిచిన్రు" అంది. "నీ పీడీఎఫ్‌ను ఎవరు పిలిచిన్రు?"

పీడీఎఫ్ మూసేశాను.

అన్నిటికంటే విసుగెత్తించింది మరొకటుంది. నేను తెలివిగలవాణ్ణి. ఆమె చూపు ఎటుందో, ఏ పని తర్వాత ఏ పని వస్తుందో గమనించి, మాట అర్థం కాకపోయినా అడిగిన వస్తువే తెచ్చేవాణ్ణి. తప్పు తెస్తే ఆమె ఏమీ అనేది కాదు. సరిగ్గా తెస్తేనే మండిపడేది.

"కత్తెరే కద అడిగినవ్. కత్తెరే తెచ్చిన" అన్నాను ఒకసారి.

"తెచ్చినవ్. తెల్వకుంట తెచ్చినవ్. వాపస్ పెట్టి రా."

కత్తెర వాపస్ పెట్టి, ఉత్త చేతులతో వచ్చి, మా ఫహమ్త్ అని, మళ్ళీ చెప్పించుకుని, తిరిగి చెప్పి, మళ్ళీ వెళ్ళి అదే కత్తెర తెచ్చాను. షెడ్డులో ఆకులు కుడుతున్న ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఒకామె కోయలో ఏదో అంది, అందరూ ఇంకా నవ్వారు. నన్నేమందని అడిగితే, "కువైట్ పోక ముందే నౌకరి దొరికింది పిలగానికి అంటాంది" అని నర్సమ్మత్త అనువదించి పెట్టింది. ఆ నెలలో నాకు దొరికిన ఉద్యోగం నిజంగా అదొక్కటే.

మూడో నెలలో మిషను అచ్చు సరిగా వేడెక్కడం మానేసింది. కాయిల్ మార్చి, వైర్లు సరిచేసి బాగుచేశాను. మొదటిసారి నా చదువు ఆ షెడ్డులో పనికొచ్చింది, కాస్త పొంగిపోయాను కూడా. పరీక్షించడానికి పెడల్ దగ్గర నేను కూర్చున్నాను. పెడల్ తొక్కితే పై అచ్చు కిందికి దిగుతుంది. ఆమె ఆకు పెట్టింది, అది కాస్త పక్కకు జరిగింది. సర్దడానికి చెయ్యి లోపలికి పెడుతూ అరబ్బీలో ఏదో చెప్పింది. ఐదారు మాటలుంటాయి. అందులో నాకు తెలిసింది తొక్కమనే మాట ఒక్కటే. మిగతావి ఊహించుకున్నాను. తల ఊపి తొక్కాను.

ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది, అయినా రెండు వేళ్ళ కొనలు అచ్చుకు అంటుకున్నాయి. అరవలేదు. వెళ్ళి నీళ్ళ తొట్టిలో చెయ్యి ముంచుకుని నిలబడింది. పక్కింటివాళ్ళ బండి అడిగి తీసుకుని దవాఖానాకు తీసుకెళ్ళాను. అక్కడ లైన్‌లో బెంచీ మీద కూర్చున్నాక, నేను అడగకుండానే ఆమె చెప్పింది.

"కువైట్ పోయిన మొదటి ఏడు. ఆ ఇంట్ల ముసలామెకు ఆపరేషన్. పొద్దున ఏం పెట్టొద్దు అని మేడమ్ చెప్పిపోయిందంట. నేను ఐవా ఐవా అని తలూపిన. నాకు సగం గుడ అర్థం కాలే. తెల్వదంటే పనికిరాదని పంపిస్తరేమోనని భయం. పొద్దుగాల ముసలామె ఆకలైతాందన్నది. రొట్టె పెట్టిన."

"ఏమైంది?"

"దవాఖానాల వాపస్ పంపిన్రు. మళ్ళ డేట్ ఇయ్యనీకి నెల పట్టింది. నెలంత ఆమె నొప్పికి మూలిగింది. ఆమె మంచం పక్కన కింద పండేది నేనే." కాలని చేత్తో కొంగు సర్దుకుంది. "తెలిసి చేసినా తప్పయితది, తెల్వక చేసినా తప్పయితది. తలూపి చేసిందాన్ని ఏమంటరు, చెప్పు."

నర్సు పిలిచింది, ఆమె లేచి వెళ్ళింది. క్షమించమని అడగాల్సిన చోటు అదే. నేను అడగలేదు. మర్నాడు షెడ్డుకు వెళ్తే ఆమె కట్టుకట్టిన వేళ్ళు పైకి పెట్టుకుని మళ్ళీ మా ఫహమ్త్ దగ్గర్నుంచే మొదలుపెట్టింది.

నాన్న రిటైర్‌మెంట్ ఇంకా రెండు నెలలుందనగా ఖమ్మంలో ఇంటర్వ్యూ జరిగింది. హోటల్ హాల్లో మేము పదకొండుమందిమి. అటువైపు ఒక అరబ్బు ఇంజినీరు, ఆయన పక్కన కన్సల్టెన్సీ అతను. ఇంజినీరు ఒక్కొక్కరికీ ఏదో పని గురించి అరబ్బీలో నాలుగు ముక్కలు చెప్పి అర్థమైందా అని అడిగాడు. నా ముందున్నవాళ్ళందరూ ఐవా అన్నారు. బయట వాళ్ళతో మాట్లాడాను కాబట్టి ఎవరికీ అర్థం కాలేదని నాకు తెలుసు. నా వంతు వచ్చింది. ఐవా అనాలనే అనుకున్నాను. నోరు మాత్రం మా ఫహమ్త్ అంది. ఆయన మళ్ళీ చెప్పాడు. సగం తెలిసింది. ఇంకోసారి అన్నాను. మూడోసారి చెప్పాక తిరిగి అప్పజెప్పాను. ఆయన మొహం చూసి ఏమీ పోల్చుకోలేకపోయాను. కన్సల్టెన్సీ అతని మొహం మాత్రం స్పష్టంగా ఉంది. బయటికొచ్చాక, "ఏంది తమ్మీ, గాయన ముందట ఇజ్జత్ తీసినవ్. తెల్వకున్నా అవ్ అనాలె, గంత గుడ తెల్వదా?" అన్నాడు. పదకొండుమందిలో నలుగురిని తీసుకున్నారు. నన్ను తీసుకోలేదు.

ఆ రోజే బస్సులు మారుతూ తిన్నగా పినపాక వెళ్ళాను.

"అత్తా, తెల్సన్నోళ్ళకు వచ్చింది. నేను తెల్వదన్న, నాకు పోయింది."

"అవ్."

"అవ్ అంటవేంది?"

"తెల్వదంటే ఒక్కోసారి పోతది. పోదని నేనెప్పుడన్న చెప్పిన్నా?"

"ముందే చెప్పాలె గద."

"నువ్వు అడగలే" అంది. నాకు టీ పెట్టడానికి లేచింది. తాగకుండా వచ్చేశాను.

నాన్న రిటైరయ్యాడు. క్వార్టర్ ఖాళీ చేసి రెండు గదుల కిరాయి ఇంట్లోకి మారాం. అమ్మ సామాను సర్దుతూ ఒక్క మాటా అనలేదు. ఏదన్నా అని ఉంటే బాగుండేది. మరో నాలుగు నెలలకు ఈ ఉద్యోగం వచ్చింది. నర్సమ్మత్త చదువు వల్ల వచ్చిందని రాస్తే ఈ వ్యాసం బాగుంటుంది, కానీ అది నిజం కాదు. నాతో చదివినవాడు ఇక్కడ ఉన్నాడు, వాడు నా పేరు చెప్పాడు. ఫోన్‌లోనే మాట్లాడారు, ఇంగ్లీషులో. అరబ్బీ ఎవరూ అడగలేదు.

ఇక్కడికొచ్చాక మాత్రం అంతా అరబ్బీయే. పనికి ముందు పొద్దున్నే అందరినీ నిలబెట్టి సూపర్‌వైజరు ఆ రోజు పని చెబుతాడు. గబగబా చెబుతాడు. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్ళకు రెండు రిమార్కులు పడితే తిరుగు టికెట్టే. నాకు మొదటి నెలలోనే ఒకటి పడింది, మళ్ళీ మళ్ళీ అడుగుతున్నాడని. మూడో నెలలో ఒక ఉదయం ఒక పైపులైను విప్పే పని గురించి చెప్పాడు. ఏ వాల్వు ముందు మూయాలి, ఎవరు మూయాలి, ఏది తెరిచే ఉంచాలి. నాకు ముప్పావు వంతు అర్థమైంది. మిగతా పావు ఊహించగలను. సరిగ్గానే ఊహించేవాణ్ణి, ఆ విషయంలో నాకు అనుమానం లేదు. కిరాయి ఇంట్లో అమ్మ, నాన్న ఉన్నారు. అర్థమైందా అని ఆయన అడిగాడు. అందరి తలలూ కదిలాయి. నాకు ఆ ఆకుల షెడ్డు మీదా, ఆ కత్తెర మీదా, ఆమె మీదా పట్టరాని కోపం వచ్చింది. చెయ్యెత్తి, మా ఫహమ్త్ అన్నాను.

ఆయన ముందు నా పేరు పక్కన రిమార్కు రాశాడు. తర్వాత అదే పని మొదటి నుంచి, ఈసారి నెమ్మదిగా చెప్పాడు. ఒక వాల్వు విషయంలో నా ఊహ తప్పు. చెప్పడం అయ్యాక కాగితం మడిచి, వెళ్ళబోయి ఆగాడు. మొదటిసారి చెప్పినప్పుడు అర్థం కానివాళ్ళు ఇంకెవరైనా ఉంటే చెయ్యెత్తమన్నాడు. ఎవరికీ రిమార్కు రాయనన్నాడు. నన్ను ఇంటికి పంపకపోవడానికి కారణం ఆ తర్వాత ఆయన చూసిందే.

నేను కాక అక్కడ నిలబడి తల ఊపినవాళ్ళు పద్నాలుగు మంది. లేచిన చేతులు తొమ్మిది.