మా అంబాసిడర్‌కి తొండం మొలిచిన వేసవి

కాదండీ, ఊరేగింపు కోసం కట్టిన ఏనుగు వేషం కాదు అది... మా చిన్నప్పుడు మా నాన్న అంబాసిడర్‌కి నిజంగానే తొండం ఉండేది. ఆకుపచ్చది. బంపర్ కిందకి వేలాడుతూ...

తొంభైల చివర్లో అనుకుంటా. ఉయ్యూరు దగ్గర మా ఊరు. ఏడో తరగతితో బడి మానేసి నాన్న కారు తుడుస్తూ తిరిగేవాణ్ణి. మనుషులంటే నాకు సిగ్గు... ఎవరైనా పేరడిగితే నాన్న వెనక్కి వెళ్లిపోయేవాణ్ణి. ఆ కారు ముందు సీట్లో కూర్చున్నప్పుడు మాత్రం ఎక్కడలేని ధైర్యం వచ్చేది.

పెళ్లిళ్లకి, ఆసుపత్రికి, బెజవాడ స్టేషనుకి... ఆ పాత డీజిల్ బండి మీదే మా ఇల్లు గడిచేది. కానీ ఎండాకాలం వస్తే దానికి ఆయాసం. కాలవ మీది ఎత్తు వంతెన సగం ఎక్కి ఆగిపోయేది. ఎక్కినవాళ్లంతా దిగి నెట్టాలి.

"ఏసుపాదం గారి కారా? అయితే చెప్పులు గట్టివి వేసుకురండర్రా!" అని ఊళ్లోవాళ్లు నాన్న ముందే అనేవాళ్లు.

అందరూ నవ్వేవాళ్లు. నాన్న నవ్వేవాడు కాదు. ఒకరోజు అన్నం తింటూ, "అమ్మేద్దాం. పాత బళ్లు కొనే మైలవరం ఆయన ఆదివారం చర్చి అయ్యాక వస్తానన్నాడు" అన్నాడు.

నేను కంచం వదిలేసి వెళ్లి కారు ముందు సీట్లో కూర్చున్నా...

మా యోహాను మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, పొలాలకి కాలవ నీళ్లు తోడే ఆయిలింజన్లు అద్దెకి తిప్పేవాడు. సంగతి విని వచ్చి, బానెట్ ఎత్తి, లోపల చెయ్యి పెట్టి అబ్బా అని లాక్కున్నాడు.

"బావా, నిన్ను పొయ్యి పక్కన కూర్చోబెట్టి పరిగెత్తమంటే పరిగెత్తగలవా?"

"కూర్చుంటే పరిగెత్తేదెట్టారా?"

"అబ్బా, మాట వినవయ్యా! దీని ముక్కు ఇంజను పక్కనే ఉంది. వేడి గాలే పీలుస్తంది. బయట్నుంచి చల్లగాలి ఇచ్చి చూడు, ఎట్టా లాగుద్దో!"

అలా మొదలైంది. ఇంజను గాలి పీల్చే ఎయిర్ ఫిల్టర్ మూతికి బయటి నుంచి ఒక గొట్టం వెయ్యాలి. మావయ్య షెడ్డులో పాత సక్షన్ పైపు ముక్క ఉంది... కాలవలో ముంచితే నీళ్లు పీల్చే ఆకుపచ్చ పైపు. హాక్సా బ్లేడుతో నేనే కోశా. నా చేతులు సన్నం కదా, రేడియేటర్ పక్క సందులోంచి నేనే దూర్చా. ఫిల్టర్ దగ్గర సైకిల్ ట్యూబు చుట్టి కట్టుతీగతో బిగించా. పైపంతా ఎండిన నాచు వాసన...

అమ్మ మజ్జిగ తెచ్చి వంగి చూసింది. "మూతి నేలకేసి పెట్టారేంట్రా?"

"సక్షన్ పైపు మూతి ఆకాశానికి పెడతారా ఎవరన్నా?" అన్నాడు మావయ్య. అందరం నవ్వాం. పుట్టినప్పట్నుంచి ఆ పైపు మూతి కాలవలోకి చూడటమే చూశాం మరి...

శనివారం పొద్దున్నే కారు నిండా చుట్టాల్ని ఎక్కించి వంతెన మీదకి వదిలాడు నాన్న. చప్పుడే మారిపోయింది, గేదె బుస కొట్టినట్టు. సగం వచ్చింది... అందరూ దిగడానికి తలుపుల మీద చేతులేశారు... ఆగలేదండీ! ఎక్కేసింది!

"స్తోత్రం!" అని వెనక నుంచి మావయ్య కేక. నిజంగా పైపు మహిమో, పొద్దుటి చల్లదనమో, ఇప్పటికీ తెలీదు. నాన్న నా వీపు మీద ఒక్కటి చరిచాడు. మర్నాడు మైలవరం ఆయన కాఫీ తాగి ఉత్త చేతులతో వెళ్లిపోయాడు.

తర్వాత వానలు పడ్డాయి. మా చర్చి వాళ్ల అమ్మాయి పెళ్లి మంగళగిరిలో. పెళ్లికూతురు, వాళ్లమ్మ వెనక సీట్లో. ముందు నేను. ఊరి చివర పల్లంలో కాలవ పొంగి రోడ్డు మీదుగా పొలాల్లోకి పోతోంది. స్కూటర్ల వాళ్లు ఆగిపోయారు.

"ఏసుపాదం గారూ, తగ్గనివ్వండి!"

"ఏటా దాటే నీళ్లేగదయ్యా. ఇప్పుడు వంతెనే ఎక్కుతుంది, ఇదెంత!" అని నాన్న కారు నీళ్లలోకి దించేశాడు.

మధ్యలోకి వెళ్లామో లేదో... బుడబుడమని ఒక పెద్ద గుటక. ఆ వెంటనే లోపల సుత్తితో కొట్టినట్టు టంగుమని... అంతే. ఇంజను లేదు. చుట్టూ నీళ్ల చప్పుడు ఒక్కటే.

ఏటా ఇంజను ముక్కు పైనుండేది. ఇప్పుడది నీళ్లలో ఉంది. మేమే పెట్టాం. ఆ పైపు తనకి తెలిసిన పని తను చేసింది...

నాన్న దిగి, బానెట్ ఎత్తి, తీగ విప్పి పైపు లాగాడు. గుబుక్కున నీళ్లు. నీళ్లతో పాటు వేలెడంత చేపపిల్ల! రేడియేటర్ మీద పడి ఎగిరెగిరి పడుతోంది. కారు ఇంజను దగ్గర చేపండీ! పెళ్లికూతురు కిటికీలోంచి తల బయటపెట్టి, "అయ్యో, చేపా!" అంది.

నాన్న నన్ను కొడతాడనుకున్నా. ఆయన ఆ చేపని రెండు చేతుల్తో తీసి నీళ్లలో వదిలాడు. తర్వాత పెళ్లికూతురి పెట్టె తలకెత్తుకుని, "నడవండమ్మా, అవతల ఆటో దొరుకుద్ది" అన్నాడు.

ఆ అమ్మాయి చీర ఎత్తిపట్టుకుని మోకాలి లోతు నీళ్లలోకి దిగింది. "పర్లేదులెండి బాబాయి గారూ... చెప్పులు గట్టివే వేసుకొచ్చా!"

నాన్న ఆగాడు. వెనక్కి తిరిగి చూశాడు. పెట్టె తల మీద ఊగేంతగా నవ్వాడు... ఆ మాటకి నాన్న నవ్వగా చూడటం అదే మొదలు.

నీళ్లు మింగిన ఇంజను లోపల రాడ్డు వంగిపోయింది, బాగు చేయించే స్తోమత లేదు. మైలవరం ఆయనే మళ్లీ వచ్చి తాడు కట్టి లాక్కెళ్లాడు. నా ముందు సీటు ఖాళీగా వెళ్లిపోయింది... పైపు మళ్లీ కాలవ గట్టు చేరింది.

ఇప్పుడు ఆ పల్లం లేదు, రోడ్డు ఎత్తు చేశారు. నాకూ కారుంది. బానెట్ ఎత్తితే ఇంజను మీదంతా నల్ల ప్లాస్టిక్ మూతే, దాని ముక్కెక్కడుందో కూడా తెలీదు. రోడ్డు మీద నీళ్లు కనబడితే మాత్రం నా కాలు దానంతటదే బ్రేకు మీదకి పోద్ది...

మీ ఇంట్లోనూ బండికి ఇలా సొంత వైద్యం చేసిన నాన్నలు, మావయ్యలు ఉన్నారా అండీ? ఆ బండి బతికిందా... మా దానిలాగే తాడు కట్టించుకుని వెళ్లిపోయిందా?