బయలుకు వేసిన పసుపు రంగు

నేను ఆడిన అబద్ధం నాలుగు మాటలది. దాన్ని మోస్తూనే ఇన్నేళ్లు వేదికలెక్కాను, వ్యాసాలు రాశాను, నిజం చెప్పండని ఊరూరా అరిచాను. ఎవరూ పట్టుకోలేదు. ఆ పట్టుకోకపోవడమే బరువు. ఇవాళ మీకు చెబుతాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

అరవైల చివర శ్రీకాకుళం జిల్లాలో ఒక చిన్న పురపాలక సంఘానికి నేను సభ్యుణ్ణి. ఏ ఊరో అక్కర్లేదు. నరసన్నపేట నుంచి బస్సులో గంట లోపు. దేవుడు లేడని చెప్పేవాడికి ఓట్లెలా పడ్డాయని మీరడగవచ్చు, నేనూ అడిగాను. లంచం పుచ్చుకోడు, అబద్ధమాడడు, ఇంకేం కావాలి అన్నారట.

ఆ రోజుల్లోనే మా ఊరికి పట్టణ ప్రణాళిక పటం తయారైంది. గోడంత కాగితం మీద ఊరంతా రంగులు. ఇళ్లకు పసుపు, అంగళ్లకు నీలం, ఖాళీగా ఉంచవలసిన చోటుకు ఆకుపచ్చ. సమావేశం లేని రోజుల్లో కూడా వెళ్లి దాని ముందు నిలబడేవాణ్ణి. ఒక రంగు మారాలంటే ఏం జరగాలి? గుమాస్తాను విసిగించి తెలుసుకున్నాను. ఎవరో ఒక సభ్యుడు తీర్మానం పెట్టాలి. కౌన్సిలు ఒప్పుకోవాలి. దండోరా వేయించి, ఆఫీసు బయట నోటీసు అంటించి, గడువులోగా వచ్చిన ఆక్షేపణలు విని జవాబు చెప్పాలి. మళ్లీ కౌన్సిలు ముందుకు రావాలి. తరవాత చైర్మన్ సంతకం, ఆపైన ప్రభుత్వం. ఎంత చక్కటి ఏర్పాటు! ఊరు తన నియమాన్ని తానే ప్రశ్నించుకుని మార్చుకుంటుంది. నేను సభల్లో కోరేది ఇదే కదా అనుకున్నాను.

నేతగాళ్లుండే సాలిపేట పక్కన పొడుగాటి బయలు ఉండేది. పటంలో ఆకుపచ్చ. ఒక కొసన అమ్మవారి రాయి. ఏటా సంబరానికి అక్కడ మేకలు తెగేవి. మూడేళ్లు ఆ బయల్లోనే బల్ల వేసుకుని బలులకు వ్యతిరేకంగా మాట్లాడాను. ఒక్క మేకా మిగల్లేదు. ఒక ముసలాయన చివరిదాకా శ్రద్ధగా విని, "బాగా సెప్పినావు బాబూ" అంటూ మాంసం పొట్లం నా చేతిలో పెట్టి వెళ్లాడు.

ఆకుపచ్చను పసుపు చేస్తే? ఇళ్లు లేస్తాయి. బలికి చోటుండదు. వాదన మూడేళ్లలో చెయ్యలేనిది రంగు మూడు నెలల్లో చేస్తుంది. తీర్మానం నేనే పెట్టాను. గూడు లేనివాళ్ల గురించి గట్టిగా మాట్లాడాను. ఆ మాటలు నిజమే, కానీ నన్ను నిలబెట్టి మాట్లాడించింది అది కాదు. చేతులు లేచాయి. ఆక్షేపణలు విని నివేదిక రాసే పని కూడా నాకే అప్పగించారు.

ఒకే ఒక్కటి వచ్చింది. ఆఫీసు గుమ్మం ఎక్కడానికి జంకారో ఏమో, నేను లేనప్పుడు మా అరుగు మీది పుస్తకాల కింద పెట్టి వెళ్లారు. రెండు పుటలు. మొదటి వాక్యం: అమ్మవారి స్థలం ముట్టుకుంటే ఊరికి అరిష్టం. అక్కడితో ఆపేశాను. ఎందుకు ఆపాను? ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతున్న ప్రశ్న అదే. తీరిక లేక కాదు. నాకు నవ్వొచ్చింది, నవ్వొచ్చాక ఇక తెలుసుకోవలసిందేమీ లేదనిపించింది. మూఢత్వమంటే ఇదేనని ఇంకెవరి గురించైనా అయితే గంటసేపు ఉపన్యసించేవాణ్ణి. కాగితం మడిచి నిఘంటువులో పెట్టాను. నివేదికలో "ఆక్షేపణలు లేవు" అని రాశాను.

కౌన్సిలు రెండోసారీ ఒప్పుకుంది. ఫైలు చైర్మన్ సంతకానికి వెళ్లింది. ఆ మధ్యాహ్నం గురమ్మ మా ఇంటికి వచ్చింది. సాలిపేటలో మగ్గమున్న ఇంటి మనిషి. జాకెట్టు మీద దారపు పోగులు అంటుకుని ఉన్నాయి.

"బాబూ, మా కాయితం సేరినాదా?"

"ఏ కాగితం?"

"రెండు పుటలు రాయించినాం. మీ అరుగు మీద బుక్కుల కింద ఎట్టినాను. మీరు ఇంట్లో నేరు."

"అందులో ఏముంది?"

"పడుగుల గురించి, మగ్గానికెక్కించే నిలువు దారాలు బాబూ. మా పేటలో సందులు పాము మెలికలు. పడుగు సాపాలంటే తిన్నటి సోటు గావాల. పొద్దున్నే బయల్లో సాపి, గంజెట్టి, కుంచెతో దువ్వుకుంటాం. అక్కడ ఇళ్లు లేసిపోతే ఏటి, నెత్తి మీద సాపుకోమా?" ఆగి, నవ్వింది. "ముందల అమ్మోరి పేరెట్టించినాం. సాలోళ్ల గోడు ఎవులింటారు? అమ్మోరంటే జడుస్తారని. మీరు జడవరని అప్పుడు తట్టనేదు."

నేను నవ్వలేదు.

"ఏ కాగితమూ నాకు చేరలేదమ్మా."

ఆమె అరుగు మీది పుస్తకాల వైపు ఒకసారి చూసింది.

"అయితే గాలికెగిరిపోయుంటాది. మా మరిది మీరే దాసేసినారన్నాడు. ఒరే, ఆ బాబు దేముడు నేడంటాడు గానీ అబద్దం ఆడడురా అని నానే కసిరినాను."

వెళ్లిపోయింది. సంతకం ఇంకా పడలేదు. ఆఫీసు నాలుగు వీధుల అవతల. వెళ్లి, పొరపాటైంది, ఒక ఆక్షేపణ ఉంది అంటే ఫైలు ఆగేది. సాలీలను పిలిచి వినవలసి వచ్చేది. నా నివేదిక తప్పని తేలేది. నాకు జరిగే నష్టం అంతే. నిఘంటువు తెరిచి మిగతాది చదివాను. మొదటి వాక్యం తప్ప అంతా పడుగుల గురించే. మగ్గాలెన్ని, ఏ పూట ఎవరి వంతు, బయలు పొడవు ఎన్ని బారలు. మేకల ఊసే లేదు. అంత పకడ్బందీ వాదన మా చర్చా సభల్లో కూడా నేను వినలేదు. చదివి, మళ్లీ మడిచాను. లేవలేదు. మర్నాడు సంతకం పడింది.

రాయికి జడిసేవాళ్లను చూసి నవ్వినవాణ్ణి, ఆ మధ్యాహ్నం నేను దేనికి జడిశాను? అబద్ధమాడడన్న పేరుకా? ఆ పేరు పోకుండా ఉండటానికి అబద్ధమాడానా? ఎలా తిప్పి చూసినా జవాబు అక్కడికే వస్తుంది. వాదిస్తే ఓడిపోతానని తెలిసి వాదనను మొదలుకానివ్వలేదు.

ఇళ్లు లేచాయి. సాలీలు రోడ్డు పక్కన పడుగులు చాపారు. బస్సుల దుమ్ము గంజికి అంటుకునేది, దారే పోయే బండి తగిలితే పోగులు తెగేవి. మగ్గాలు ఒక్కటొక్కటిగా ఆగాయి. గురమ్మ ఇంటి మగ్గం రెండో ఏడు విప్పేశారు. భర్తా మరిదీ విజయనగరం వైపు గోనె మిల్లులో చేరారు. ఆమె కూడా వెళ్లింది. అమ్మవారి రాయిని మాత్రం ఊరి బయట మలుపులో నిలబెట్టుకున్నారు. సంబరం మునుపటికంటే పెద్దదైంది.

నేను పడుగు చాపడం మొదటిసారి కళ్లారా చూసింది చాలా ఏళ్ల తరవాత, శ్రీకూర్మం దగ్గర ఒక పల్లెలో. ఏదో సభకు వెళుతూ ఆగాను. నలుగురు మనుషులు, వీధి పొడుగునా తెల్లటి దారం. కుంచె కదులుతుండగా ఒక పోగు తెగింది. అందరూ ఆగారు. వెతికి, కొసలు కలిపి, ముడివేసి, అప్పుడే మళ్లీ కదిలారు. ఎన్నిసార్లు తెగితే అన్నిసార్లు ఆగారు. పొద్దెక్కేదాకా అక్కడే నిలబడ్డాను. సభకు వెళ్లలేదు.

గురమ్మను వెతికి ఈ మాట చెప్పవచ్చు. చెప్పలేదు. ఆమెకు చెప్పకుండా మీకు చెప్పడం సగం పిరికితనమే. చెప్పుకుంటే పాపం పోతుందనేవాళ్లను ఎన్నో వేదికల మీద ఎగతాళి చేశాను. అందులో మార్పు లేదు. పోదు. ఆ బయలూ తిరిగి రాదు. అయినా, కాగితం గడువులోపలే నాకు చేరింది అని ఇక్కడ రాయగానే ఊపిరి కాస్త సులువుగా ఆడింది. ఆ సులువుకు నాకు హక్కు లేదు. జరిగింది కాబట్టి అదీ దాచకుండా రాస్తున్నాను.