తిరుపతి ఇంటికి చేరిన సీసం

ఆర్మీలో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు బాగుచేసేవాడిగా పనిచేసి రిటైరయ్యాక, 2021లో ఖతర్ వచ్చాను. దోహా నుంచి మెసయీద్ వెళ్ళే దారిలో, రోడ్డుకు బాగా లోపలగా ఉన్న ఒక షూటింగ్ రేంజ్‌లో ఉద్యోగం. సెక్యూరిటీ సిబ్బందికి అక్కడ పిస్టల్ శిక్షణ ఇచ్చేవారు. తుపాకులను పొద్దున లెక్క చూసి ఇవ్వడం, సాయంత్రం లెక్క చూసి తీసుకోవడం, వాటి బాగోగులు చూడడం నా డ్యూటీ.

ఆ పిస్టళ్ళలో చాలావాటికి సప్రెసర్లు ఉండేవి. సినిమాల పుణ్యమా అని జనం సైలెన్సర్ అంటారు గానీ, అది శబ్దాన్ని తగ్గిస్తుందే తప్ప లేకుండా చేయదు. గొట్టం లోపల బాఫిల్స్ అనే గిన్నెల్లాంటి బిళ్ళలు వరుసగా ఉంటాయి. గుండు వాటి మధ్య రంధ్రంలోంచి దూసుకుపోతుంది. వెనకాలే వచ్చే వేడి గ్యాస్ మాత్రం ఒక్కో అరలో చిక్కుకుని జోరు తగ్గుతుంది. గ్యాస్‌తో పాటు మసి, గుండు నుంచి రాలిన సీసం కూడా అక్కడే పేరుకుంటాయి. రాగి తొడుగు లేని చిన్న గుండ్లు కాల్చే పిస్టళ్ళవైతే మరీ ఘోరం. విప్పి కడగకుండా వదిలేస్తే బిళ్ళలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి.

ఆ కడిగే పని తిరుపతిది. జగిత్యాల వైపు మనిషి. కన్‌స్ట్రక్షన్ పనికని వచ్చి, రేంజ్ కట్టేటప్పుడు అక్కడే కుదురుకుని, చూసి చూసి పని నేర్చుకున్నాడు. భార్య లావణ్యను, చిన్న కూతురు శాన్విని తెచ్చుకుని దోహాలోని అల్ ముంతజాలో ఒక గదిలో ఉండేవాడు. తన చేతి పని మీద అతనికి చాలా ఇష్టం. బిళ్ళలు తళతళలాడే దాకా వదిలేవాడు కాదు.

నేను చేరిన కొత్తలో ఒకరోజు రేంజ్‌లో అతను కడిగే పని చేసే గదికి వెళ్ళాను. గాలి బయటికి లాగే ఎగ్జాస్ట్ ఎప్పుడు పాడైందో ఎవరికీ గుర్తులేదట. తిరుపతి మాస్కు, గ్లవ్స్ లేకుండా, ఎండిన బిళ్ళను ఇత్తడి బ్రష్‌తో గీకుతున్నాడు. బూడిద రంగు పొడి అతని చొక్కా మీద, ముంజేతుల వెంట్రుకల మీద సన్నగా పరుచుకుని ఉంది. సీసాన్ని పొడిగా గీకకూడదు, తడిపి తీయాలి, ఈ బట్టలు ఇక్కడే విడిచి వెళ్ళాలి అని చెప్పబోయాను. అంతలో తనే ఇంటి సంగతి ఎత్తాడు.

పాపకు మూడేళ్ళు నిండబోతున్నాయి. ముద్దుముద్దుగా మాట్లాడే పిల్ల కొన్నాళ్ళుగా ఒక్కో మాటే మానేస్తూ వచ్చింది. కడుపునొప్పి అని ముడుచుకుని పడుకుంటోంది. హాస్పిటల్‌లో రక్తంలో సీసం ఉందన్నారట. కొన్ని కాటుకల్లో సీసం ఉంటుంది, పాపకు కాటుక పెడతారా అని డాక్టర్ అడిగితే, ఊరి నుంచి లావణ్య తల్లి చేసి పంపిన కాటుక సంగతి చెప్పారు. అప్పటి నుంచి ఇంట్లో గొడవ. పిల్లకు విషం పూశావని తిరుపతి భార్యను తిట్టాడు. గల్ఫ్‌లో ఏ దేశాన్నైనా దుబాయ్ అనే అతని తల్లి, దుబాయ్ పోయినా నీకు బుద్ధి రాలేదని కోడల్ని ఫోన్‌లో తిట్టింది. లావణ్య కాటుక పారేసింది. ఆ తర్వాత పసుపు, మసాలా, రంగుల బొమ్మలు, చివరికి వంటగిన్నెలు కూడా పారేసింది.

"అయినా తగ్గుతలేదన్నా," అన్నాడు తిరుపతి. "మల్ల పరీక్ష చేస్తే ఇంకింత పెరిగిందన్నరు."

అతని చేతిలో బ్రష్ ఇంకా ఆడుతూనే ఉంది. నేను దాన్ని పట్టుకుని ఆపాను. ఏం పని చేస్తావని డాక్టర్ అడిగారా అన్నాను. అడిగితే మెకానిక్ అని చెప్పాడట. అప్పుడు ఆ పొడి ఏమిటో చెప్పాను. అతను తన చొక్కా చూసుకున్నాడు.

"గట్లెట్లయితదన్నా? నేను మంచిగనే ఉన్న గద."

పెద్దవాళ్ళ ఒళ్ళు ఎంతో కొంత ఓర్చుకుంటుంది, పసిపిల్లల మెదడు ఓర్చుకోలేదు. ఈ మాట నేను చెప్పలేక డాక్టర్‌కే వదిలేశాను. మర్నాడు వాళ్ళతో హాస్పిటల్‌కు వెళ్ళాను. తండ్రి రక్తంలో సీసం కూతురికంటే ఎక్కువ ఉంది. రోజూ డ్యూటీ బట్టలతోనే ఇంటికి వెళ్ళేవాడని, వెళ్ళగానే పాప పరిగెత్తుకొచ్చి మెడను చుట్టుకునేదని, ఆ భుజం మీదే నిద్రపోయేదని లావణ్య చెబుతుంటే డాక్టర్ రాసుకోవడం ఆపేశాడు.

బయట వరండాలో తిరుపతి గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. భర్తను ఇప్పుడు నిలదీస్తుందనుకున్నాను. నెలల తరబడి మాటలు పడ్డ మనిషి. ఆమె పాపను ఒళ్ళో సర్దుకుని నెమ్మదిగా అంది: "నన్నంటే పడ్డ అన్నా. ఇగ ఆయన్నేమంటం? బిడ్డను ఎత్తుకునుడు తప్పా?"

నేను విషయం మేనేజర్‌కు చెప్పాను. ఆయన చెడ్డవాడేం కాదు, తల పట్టుకున్నాడు. వారం తిరిగేలోపు ఎగ్జాస్ట్ బాగైంది. మాస్కులు, లాకర్లు, బట్టలు ఉతికే మెషిన్ వచ్చాయి. అంత తేలిగ్గా అయిపోయే పని అది.

సీసాన్ని ఒంట్లోంచి బయటికి పంపే మందు ఇచ్చారు. రక్తంలో సీసం తగ్గింది. పోయిన మాటలు మాత్రం తిరిగి రాలేదు. వస్తాయని గట్టిగా చెప్పలేనని డాక్టర్ ముందే అన్నాడు. కొన్ని నెలలు చూసి వాళ్ళు ఊరికి వెళ్ళిపోయారు. ఎయిర్‌పోర్టులో పాపకు చెయ్యి ఊపితే నా వైపు కాక, నా చేతి వైపు చూసింది.

తిరుపతి ఇప్పటికీ అప్పుడప్పుడూ ఫోన్ చేస్తాడు. ఊళ్ళో ట్రాక్టర్ నడుపుతున్నాడు. తోటి పిల్లలు బడికి పోతుంటే శాన్వి గేటు పట్టుకుని చూస్తుందట. మొదట్లో మంత్రాలు, స్పీచ్ థెరపీ, ఏదో ఒకటి ప్రయత్నిస్తున్నట్టు చెప్పేవాడు. ఈమధ్య ఆ ఊసెత్తడం లేదు. మొన్న మాత్రం, "అవి ఇప్పుడెవరు కడుగుతున్నరన్నా?" అని అడిగాడు. నేనే కడుగుతున్నానని చెప్పాను. జాగ్రత్తన్నా అన్నాడు.

సప్రెసర్‌ను ఎంత శుభ్రం చేసినా అందులోని మురికి లోకంలోంచి పోదని, చోటు మారుతుందంతేనని ఈ పని నేర్పింది. అది ఎక్కడికి పోతుందో చూడడమే అసలు పని. పని నేర్చుకోవడానికి కొత్తగా వచ్చేవాళ్ళకు బ్రష్ ఇచ్చేముందు ఇదే చెబుతాను, వాళ్ళు వింటారు కూడా. రోగమేమిటో తెలిస్తే సగం నయమైనట్టేనని పెద్దలు అంటారు. శాన్వి విషయంలో అంతా తెలిసింది. ఎక్కడిదో తెలిసింది, ఎలా వచ్చిందో తెలిసింది, ఎవరి ఒంటి మీద వచ్చిందో తెలిసింది. దానివల్ల ఆ పిల్లకు ఒక్క మాట కూడా రాలేదు.