తేన్పు రాని కడుపు

మా అల్లుడికి ఛాతీమంటకు ఆపరేషన్ చేస్తారని నాకు మొదట చెప్పింది మా మనవరాలు. "ఇంక నాయనకు తేన్పు గూడ రాదంట అవ్వా!" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. రాని తేన్పు ఒకటి ఒకప్పుడు నన్ను ఇంట్లోంచి గెంటించబోయింది.

పంతొమ్మిదివందల యాభై తొమ్మిదిలో మా మామకు మద్రాసులో అదే జబ్బుకు కోశారు. అంతకుముందు ఆయన వంగితే చాలు, తిన్నది పుల్లగా గొంతులోకి ఎగదన్నేది. ఆళ్లగడ్డ ఇంట్లో నేను కొత్త కోడలిని. వంట అప్పుడే నా చేతికొచ్చింది. కొర్రన్నం తిని మగవాళ్లు గట్టిగా తేన్చితేనే వంట కుదిరినట్టు లెక్క. మద్రాసు నుంచి వచ్చిన మామ నాలుగు ముద్దలకే చెయ్యి కడిగేవాడు. పొట్ట తప్పెటలా ఉబ్బేది, తేన్పు మాత్రం లేదు. అత్త ఉప్పు డబ్బా మూత తీసి వాసన చూడటం మొదలుపెట్టింది. పప్పు నన్నే ముందు తినమనేది. ఒకనాడు అడిగేసింది.

"ఏందిమే, మందు పెట్టినావా?"

మందంటే మావైపు వైద్యం కాదు, మనిషిని లొంగదీయడానికి అన్నంలో కలిపేది.

"సామి సాక్షి అత్తా, నేనేం కలపల్యా."

"సామినెందుకు పిలుస్తావ్? గోస్పాడు ఆయప్ప కక్కిస్తే తెలుస్తాది. మందు పడిందా, నువ్వు పుట్టింటికే."

పెట్టిన మందు కక్కిస్తాడని పేరున్న ఆయన గోస్పాడు ఊరి నుంచి వచ్చి పసరు తాగించాడు. మామ స్తంభం పట్టుకుని కళ్లెర్రబడేదాకా డోకాడు. చుక్క రాలేదు. "పేగుకు కరుసుకుంది, ఇంగో చెంబు తాగల్ల" అన్నాడాయన. మామ మెలికలు తిరిగిపోతుంటే చూడలేక ఆ చెంబు లాక్కుని పారబోశాను. దాంతో నేనే దొంగనని అందరికీ రూఢి అయింది.

నొప్పి తగ్గకపోతే బస్సులో నంద్యాల ఆసుపత్రికి తీసుకుపోయాం. అక్కడి నర్సమ్మ పసరు సంగతంతా విని, మద్రాసు కాగితం చదివి, అత్త నడుముకున్న వక్కాకు తిత్తి తీసుకుని దాని మూతి బిగించి చూపించింది.

"కడుపు పైభాగాన్ని అన్నం దిగే గొట్టం చుట్టూ ఇట్ల చుట్టినారు పెద్దమ్మా. లోపలికి పోతాది, ఎనక్కి రాదు. గాలి గూడ రాదు, అందుకే ఉబ్బరం. కడుపు ముందట్ల సాగదు, రోంత తింటేనే నిండుతాది. రోంత రోంత ఆరుసార్లు పెట్టండి. ఇంగోసారి కక్కిస్తే కుట్లు తెగి ప్రాణం మీదికొస్తాది. ఆ చెంబు పారబోసిందెవురు?"

అత్త నా వైపు చూపించింది.

కొన్ని నెలలకు మామకు ఒక చిన్న తేన్పు వచ్చింది. అత్త పరుగున పోయి దీపం వెలిగించింది. ఉప్పు డబ్బా మాత్రం అప్పుడప్పుడూ వాసన చూస్తూనే ఉండేది పాపం. ఇప్పుడు ఇద్దరూ లేరు. కాలం మూతి కూడా ఆ తిత్తిలాంటిదే, మింగడమే గానీ వెనక్కివ్వదు. మీరు కడుపారా తిని తేన్చినప్పుడు, నేను పేరైనా అడగని ఆ నర్సమ్మను ఒక్కసారి తలుచుకోండి.